ఎక్కువ పండే మొక్కను ఎలా ఎంచుతారు.. అందులో మీకు చోటెక్కడ?

మీ ముందు 300 వరి మళ్లు ఉన్నాయనుకోండి. మడి అంటే ఎకరాలు కాదు, ఓ నవారు మంచం పట్టేంత జాగా. ఒక్కో మడిలో ఒక్కో రకం. అన్నీ కోతకొచ్చాయి. దూరం నుంచి చూస్తే అంతా ఒకే పసుపు. సాయంత్రంలోపు ఇందులో 20 ఎంచుకోవాలి. మిగతా 280 వచ్చే సీజన్‌కి పోటీలో ఉండవు. ఏం చూసి ఎంచుతారు?

‘ఏముంది, ఎక్కువ పండినవి తీసుకుంటే సరి’ అంటారా? నేనూ అదే అన్నాను. ఆ మాట ఖరీదు నాకు ఆరు నెలలు.

నాది కంప్యూటర్ సైన్స్ బీటెక్. పశ్చిమ గోదావరి వాణ్నే అయినా చిన్నప్పుడు చేలో దిగింది తక్కువ, గట్టు మీద కూర్చుని ఫోన్ చూసింది ఎక్కువ. చదువయ్యాక హైదరాబాద్ శివార్లలో ఓ విత్తన కంపెనీలో డేటా అనలిస్టుగా చేరాను. డ్రోన్ ఫొటోలు, కోత తూకాలు, ల్యాప్‌టాప్‌లో పైథాన్. మొదటి సీజన్‌లోనే మళ్లకు ర్యాంకులిచ్చే మోడల్ ఒకటి రాశాను. టాప్ 20 జాబితా వచ్చింది. మేనేజర్ ముచ్చటపడి స్లైడ్లు కూడా చేయించారు. ఆ 20 రకాల విత్తనం తర్వాతి దశ పరీక్షకు వెళ్లిపోయింది.

అక్కడ సీనియర్ బ్రీడర్ ఒకాయన ఉండేవారు. సెలవు నుంచి వచ్చి నా జాబితా చూశారు. ఏమీ అనలేదు. పొలం మ్యాప్ తెప్పించి, నా టాప్ 20 మళ్లకు ఎర్ర స్కెచ్‌తో సున్నాలు చుట్టమన్నారు. చుట్టాను. 13 సున్నాలు ఒకే వరసలో, నీళ్ల బోదె పక్కనే పడ్డాయి.

‘నాయనా, నువ్వు ఎంచింది రకాల్ని కాదు, బోదెని’ అన్నారాయన.

నా మోడల్‌లో తప్పేం లేదు. లెక్క సరిగ్గానే వేసింది. కాకపోతే నేను వేసిన ప్రశ్నే వేరు. ఏ మడి బాగా పండిందో కనిపెట్టింది. ఏ రకం బాగా పండుతుందో నేను అడగనూ లేదు, అది చెప్పనూ లేదు. ఈ రెండింటి మధ్య తేడా తెలిసినవాళ్లకు ఈ రంగంలో పని ఉంది. అందుకే ఈ వ్యాసం.

బస్తాల వెనక మూడు అంకెలు

ముందు దిగుబడి అనే మాటను విడగొడదాం. వరిలో అది ఒక లక్షణం కాదు, కొన్ని లక్షణాల గుణకారం. చదరపు మీటరులో ఎన్ని వెన్నులు, ఒక్కో వెన్నుకు ఎన్ని గట్టి గింజలు, వెయ్యి గింజల బరువెంత. ఉదాహరణకు మీటరుకు 300 వెన్నులు, వెన్నుకు తాలు పోగా 120 గింజలు, వెయ్యి గింజలు 20 గ్రాములు అనుకుందాం. 300ని 120తో గుణిస్తే 36 వేల గింజలు. వాటి బరువు 720 గ్రాములు. హెక్టారుకు 7.2 టన్నులు. మన లెక్కలో ఎకరాకు 75 కిలోల బస్తాలు దాదాపు 39.

ఇంజినీరింగ్ బుర్రకు వెంటనే ఏమనిపిస్తుంది? ఏదో ఒక అంకెను పెంచేస్తే పోలా అని. వెన్నుకు 120 బదులు 240 గింజలు పెడితే దిగుబడి రెట్టింపు కాదా? కాదు. గింజ నిండాలంటే ఆకు తయారుచేసే పిండి పదార్థం కావాలి. ఆకు అంతే ఉండి గింజలు పెరిగితే సగం తాలు పోతాయి. పిలకలు ఎక్కువైతే వెన్నులు చిన్నవవుతాయి. గింజ లావైతే సంఖ్య తగ్గుతుంది. ఒకచోట లాగితే ఇంకోచోట కురచవుతుంది, చాలని దుప్పటి లాగా.

ఈ దెబ్బ మహామహులకే తగిలింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) 1989లో కొత్త ఆకృతి మొక్క కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పనికిరాని పిలకలు ఉండకూడదు, ఉన్న కొన్ని పిలకలకే పెద్ద పెద్ద వెన్నులు, లావు కాండం, నిటారు ఆకులు. కాగితం మీద అద్భుతం. తీరా మొదటి తరం మొక్కలు పొలంలోకి వచ్చాక గింజ సరిగ్గా నిండలేదు, చీడపీడలకు తట్టుకోలేదు. తర్వాత వాటిని మామూలు ఇండికా రకాలతో కలిపి రెండో తరం తయారుచేయాల్సి వచ్చింది. ఆ ఆలోచన వృథా పోలేదు, చైనా సూపర్ రైస్ వాళ్లు దాన్నుంచి చాలా నేర్చుకున్నారు. కానీ డిజైన్ బాగున్నంత మాత్రాన మొక్క మాట వినదు అని మాత్రం తేలిపోయింది.

ఇంకో సంగతి. దిగుబడి ఒక్కటే చాలనుకుంటే బీపీటీ 5204 ఇంతకాలం నిలబడేదే కాదు. అదేనండీ, మన సాంబ మసూరి. బాపట్లలో తయారై 1986లో విడుదలైంది. దాని వెయ్యి గింజల బరువు 14-15 గ్రాముల దగ్గరే ఉంటుంది. మార్టేరు నుంచి 2000లో వచ్చిన ఎంటీయూ 1010, అంటే కాటన్‌దొర సన్నాలు గింజ 20 గ్రాములకు పైమాటే. పంటకాలం చూస్తే సాంబ మసూరికి దాదాపు అయిదు నెలలు. తెగుళ్లు త్వరగా పట్టుకుంటాయి. అయినా రైతు వేస్తాడు, ఎందుకంటే అన్నం బాగుంటుంది, మార్కెట్లో ధర వస్తుంది. జొన్నలో అయితే గింజతో పాటు చొప్ప కూడా చూసుకుంటారు, ఇంట్లో పశువులున్నాయి కదా. కాబట్టి బ్రీడర్ ఎప్పుడూ ఒక్క లక్షణం మీద ఎంపిక చేయరు. పది లక్షణాలకు వెయిటేజీ ఇచ్చి చేస్తారు. ప్లేస్‌మెంట్లలో అకడమిక్స్‌కి ఇంత, కోడింగ్‌కి ఇంత, ఇంటర్వ్యూకి ఇంత అని వేస్తారే, అలాగే.

పొట్టిది గెలిచిన కథ

ఒక్క లక్షణం చరిత్రను మార్చిన సందర్భం లేకపోలేదు. అది తెలుసుకోకుండా ఈ రంగంలో ఇంటర్వ్యూకి వెళ్లకండి.

1960లకు ముందు మన వరి పొడుగు. మనిషి భుజం దాకా పెరిగేది. ఎరువు వేస్తే ఇంకా పెరిగి, గింజ బరువుకు గాలివానలో పడుకునేది. చేను పడిపోతే ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. మెకానిక్స్ చదివినవాళ్లకైతే ఇంకా తేలిక. పైన బరువు, కింద సన్నని కాండం, మధ్యలో పొడవు. పొడవు తగ్గిస్తే వేళ్ల దగ్గర పడే మొమెంట్ తగ్గుతుంది.

1962లో ఇర్రిలో పీటర్ జెన్నింగ్స్ అనే బ్రీడర్ 38 సంకరాలు చేశారు. అందులో ఎనిమిదోది ఇండొనేసియా పొడుగు రకం పేటాకూ, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌కూ మధ్య. మొదటి తరం మొక్కలన్నీ పొడుగ్గానే వచ్చాయి. రెండో తరంలో నాలుగింట ఒకటి పొట్టిగా వచ్చింది. ఇంటర్‌లో మెండల్ బఠాణీల పాఠం గుర్తొచ్చిందా? పొట్టితనాన్ని ఒకే ఒక్క జన్యువు నడిపిస్తోందని, అది రెసెసివ్ అని ఆ నిష్పత్తితోనే అర్థమైపోయింది. అంటే తర్వాతి తరాల్లో కంటితో చూసి ఎంచుకోవచ్చు. హెన్రీ బీచెల్ ఆ ఎంపిక ముందుకు తీసుకెళ్లారు. 288వ వరసలో మూడో మొక్క నిలబడింది. అదే 1966లో ఐఆర్‌-8గా విడుదలైంది. పేరులోని ఎనిమిది ఆ ఎనిమిదో సంకరమే.

మరుసటి ఏడాదే, 1967లో, మా జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు దాన్ని తన పొలంలో వేశారు. ఆ దిగుబడి చూసి చుట్టుపక్కల రైతులు విత్తనం కోసం వచ్చారు. ఆయనకు ‘మిస్టర్ ఐఆర్‌-8’ అనే పేరే స్థిరపడింది. అప్పటికాయనకు ముప్పై నిండలేదు, అంటే ఇంచుమించు నా వయసు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఐఆర్‌-8 మొత్తం మొక్క బరువు పాత రకాలకంటే విపరీతంగా ఎక్కువేం కాదు. మారింది వాటా. కోసిన పైరు బరువులో గింజ వాటాను హార్వెస్ట్ ఇండెక్స్ అంటారు. పాత పొడుగు రకాల్లో అది 0.3 దగ్గర ఉంటే, పొట్టి రకాల్లో 0.5 దగ్గరికొచ్చింది. గడ్డికి పోయేది గింజకు మళ్లింది. పైగా పడిపోదు కాబట్టి ఎరువు వేసినా తట్టుకుంది. ఆ పొట్టి జన్యువు ఏమిటో 2002లో కానీ తెలియలేదు. కాండాన్ని సాగదీసే జిబ్బరెలిన్ హార్మోన్ తయారీలో ఒక మెట్టు దెబ్బతినడమే కారణమట. ఏ జన్యువో తెలియకుండానే, లక్షణాన్ని చూసి, నలభై ఏళ్ల ముందే ఎంచేశారన్నమాట. అయితే ఐఆర్‌-8 అన్నం గట్టిపడేది, గింజలో తెల్లమచ్చ ఉండేది, ఎండాకు తెగులు తగిలేది. వాటిని సరిచేసుకుంటూ రావడమే ఆ తర్వాత వచ్చిన బ్రీడర్ల పని.

ఈఏపీసెట్ నార్మలైజేషన్ తెలుసుగా?

ఎత్తును కంటితో ఎంచొచ్చు. దిగుబడిని ఎంచలేం. ఎందుకు?

పొలంలో రెండు మళ్ల మధ్య కనిపించే తేడాలో కొంత జన్యువులది, కొంత నేలది, నీటిది, నీడది, చీడది. మొత్తం తేడాలో జన్యువుల వాటా ఎంతో చెప్పే అంకెను హెరిటబిలిటీ అంటారు. ఎత్తు, ఈనే రోజు, గింజ సైజు లాంటి వాటికి అది ఎక్కువ. దిగుబడికి తక్కువ. ఒంటరి మొక్క దిగుబడికైతే మరీ తక్కువ.

ఒక చిన్న లెక్క. ఈ రంగం మొత్తానికి గుండెకాయ లాంటిది. 300 రకాల సగటు హెక్టారుకు 5 టన్నులు. మీరు ఎంచిన 20 రకాల సగటు 6 టన్నులు. తేడా ఒక టన్ను. హెరిటబిలిటీ 0.3 అయితే, వచ్చే తరంలో మీ చేతికొచ్చే లాభం 0.3 టన్నులే. మిగతా 0.7 టన్నులు ఎక్కడికి పోయాయి? అవి ఎప్పుడూ మొక్కలో లేవు, బోదె పక్కనున్న బురదలో ఉన్నాయి. మీరు మోసుకెళ్లింది విత్తనాన్ని, బురద అక్కడే ఉండిపోయింది.

కాబట్టి ఎంపిక బాగుపడాలంటే ఆ 0.3ని పెంచాలి. మొక్కను మార్చక్కర్లేదు, కొలతను మార్చాలి. ఒకే రకాన్ని మూడు నాలుగు చోట్ల చిందరవందరగా నాటితే, ఒక మడి బోదె పక్కన పడినా ఇంకోటి మెరకలో పడుతుంది. దాన్నే రెప్లికేషన్, ర్యాండమైజేషన్ అంటారు. అన్ని రకాల్నీ మూడుసార్లు నాటేంత విత్తనం లేనప్పుడు, బాగా తెలిసిన ఒకటి రెండు రకాల్ని పొలమంతా మధ్యమధ్యలో నాటతారు. వీటిని చెక్‌లు అంటారు.

ఇది మీకు తెలిసిన సంగతే. ఈఏపీసెట్ చాలా సెషన్లలో జరుగుతుంది, ఒక పేపర్ తేలిక, ఒకటి కష్టం. ముడి మార్కులతో ర్యాంకు ఇస్తే తేలిక పేపర్ వాళ్లకు పండగే. అందుకే నార్మలైజేషన్. పొలంలో ప్రతి మూలా ఒక సెషన్. ఒకే విద్యార్థి అన్ని సెషన్లూ రాస్తే, ఏ పేపర్ ఎంత తేలికో పట్టేయొచ్చు కదా? చెక్ రకం చేసేది అదే. బోదె పక్కనున్న చెక్ ఎక్కువ పండిందంటే, అక్కడ ఉన్నవాళ్లందరి మార్కులూ ఆ మేరకు తగ్గించాలి.

నేను ఇవేవీ చూడలేదు. ఇంకో తప్పు కూడా చేశాను. గట్టును ఆనుకున్న మొక్కలకు ఎండ ఎక్కువ, పోటీ తక్కువ. అవి బాగా పండుతాయి. అందుకే కోసేటప్పుడు అంచు వరసలు వదిలేసి మధ్యలోవి తూస్తారు. మా దగ్గర కొన్ని మళ్లకు వదిలారు, కొన్నిటికి వదల్లేదు. ఏవి ఎలా కోశారో ఫైల్లో లేదు, నేను అడగలేదు. డ్రోన్ ఫొటోలో పచ్చదనం ఎక్కువున్న మళ్లకు మోడల్ మార్కులు వేసింది. ఆకు బాగా ఉండి, గింజ ఆలస్యంగా కట్టే రకాలు దానివల్ల పైకొచ్చాయి. ఐఆర్‌-8 నేర్పిన హార్వెస్ట్ ఇండెక్స్ పాఠానికి సరిగ్గా వ్యతిరేక దిశలో వెళ్లానన్నమాట.

విత్తనం కోల్డ్ స్టోరేజీలో ఉంది కాబట్టి అంతా పోలేదు. 300 రకాల్లో వంద తిరిగి సరైన పద్ధతిలో నాటారు. సీజన్ మాత్రం పోయింది, నా ప్రొబేషన్ పొడిగించారు. నా మోడల్ రెండొందల తర్వాత ర్యాంకు ఇచ్చిన ఒక రకం ఆ పరీక్షలో మొదటి అయిదింటిలోకి వచ్చింది. దాన్ని చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథ సుఖాంతం అనుకోకండి, రెండో ఏడు అగ్గితెగులుకు అదీ పడిపోయింది. బ్రీడింగ్‌లో మామూలే.

మన తల్లి రకాలతోనే

ఇప్పుడు కొత్త సంగతులకొద్దాం. 2025 మేలో కేంద్రం జీనోమ్ ఎడిటింగ్‌తో తయారైన రెండు వరి రకాల్ని ప్రకటించింది. ఒకటి డీఆర్‌ఆర్ ధాన్ 100, దానికే కమల అని పేరు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలో తయారైంది. రెండోది ఢిల్లీ పూసా వాళ్ల డీఎస్‌టీ రైస్ 1. కమలకు తల్లి సాంబ మసూరి. రెండోదానికి తల్లి ఎంటీయూ 1010. బాపట్ల, మార్టేరు!

కమలలో మార్చిన జన్యువు పని వినండి. మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోన్ ఉంటుంది. వెన్ను తయారయ్యేచోట అది ఎక్కువుంటే ఎక్కువ పూలు, అంటే ఎక్కువ గింజలు. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. ఆ ఎంజైమ్ జన్యువు బలహీనపడితే గింజల సంఖ్య పెరుగుతుందని 2005లోనే జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అదే జన్యువును సాంబ మసూరిలో ఎడిట్ చేశారు. పంట దాదాపు 20 రోజులు ముందుగా వస్తుందని, సగటు దిగుబడి హెక్టారుకు 5.37 టన్నులని, తల్లి రకానికి 4.5 టన్నులని అధికారికంగా ప్రకటించారు. పరీక్షల లెక్కల మీద ప్రశ్నలు లేవనెత్తినవాళ్లూ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, ప్రశ్నలు మంచివే. ఇందాకటి దుప్పటి గుర్తుందిగా? గింజల సంఖ్య పెరిగితే అవి నిండాయా, ఎన్ని చోట్ల, ఎన్ని సీజన్లు, ఏ చెక్‌తో పోల్చి అన్నవే అసలు ప్రశ్నలు. జన్యువును కత్తిరించడం ఎంత ఆధునికమైనా చివరికి తూకం వేసేది మడిలోనే.

దీనికంటే ముందే మార్కర్లతో జన్యువుల్ని చేర్చే పద్ధతి ఉంది. అదే సంస్థ, సీసీఎంబీ కలిసి సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని చేర్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి ఇచ్చాయి. అందులో జన్యు ఇంజినీరింగ్ లేదు. మామూలు సంకరాలే, కాకపోతే ఏ మొక్కలో మూడూ ఉన్నాయో డీఎన్‌ఏ పరీక్షతో ఎంచారు.

దిగుబడికి మాత్రం మూడు నాలుగు జన్యువులు సరిపోవు. వందల జన్యువులు, ఒక్కోటి ఇసుమంత. అక్కడే జీనోమిక్ సెలక్షన్ వచ్చింది. 2001లో పశువుల బ్రీడింగ్ వాళ్లు ప్రతిపాదించిన పద్ధతి ఇది. కొన్ని వందల రకాల డీఎన్‌ఏ మార్కర్లు, పొలంలో వాటి దిగుబడి రెండూ ఇచ్చి మోడల్‌కు నేర్పిస్తారు. తర్వాత పొలం చూడని కొత్త మొక్కల డీఎన్‌ఏ ఇచ్చి, ఏది బాగుంటుందో అంచనా వేయిస్తారు. మెషిన్ లెర్నింగ్ కోర్సు చేసినవాళ్లు ‘ఓస్, ఇదేనా’ అంటారు. ఇదే. అడ్డువరసలకంటే నిలువు వరసలు ఎక్కువున్న డేటా, ఓవర్‌ఫిట్టింగ్, క్రాస్ వాలిడేషన్, అన్నీ మీకు తెలిసినవే. తెలియనిదల్లా ట్రైనింగ్ డేటాలో బోదె దాక్కుని ఉంటుందని.

మరోవైపు టైమ్‌ని కుదిస్తున్నారు. సంకరం నుంచి విడుదల దాకా పదేళ్లు పట్టడం మామూలు. గోధుమ, బార్లీల్లో రోజుకు 22 గంటలు వెలుతురు ఇచ్చి ఏడాదికి ఆరు తరాల దాకా పండిస్తున్నారు, దాన్నే స్పీడ్ బ్రీడింగ్ అంటారు. వరి అలా లొంగదు. అది పొద్దు తగ్గితే పూసే మొక్క కాబట్టి దానికి వేరే రెసిపీ. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో మొక్కల మీదుగా కదులుతూ ఆకుల విస్తీర్ణాన్ని కొలిచే త్రీడీ స్కానర్ల వ్యవస్థ ఉంది. ఎలక్ట్రానిక్స్, మెకానికల్ వాళ్లు ఒకసారి దాని గురించి చదవండి.

ఇంతకీ మీకు చోటెక్కడ?

నిజం చెప్పేస్తా. బ్రీడర్ కుర్చీ బీటెక్ వాళ్లది కాదు. దానికి అగ్రికల్చర్ బీఎస్సీ, తర్వాత జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ, చాలాచోట్ల పీహెచ్‌డీ. పీజీ సీట్లకు ఐసీఏఆర్ ప్రవేశ పరీక్ష, మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లు చూడాలి. శాస్త్రవేత్త ఉద్యోగానికి ఏఎస్‌ఆర్‌బీ నిర్వహించే ఏఆర్‌ఎస్ పరీక్ష. అగ్రి విద్యార్థులకు నాదొక్కటే విన్నపం. స్టాటిస్టిక్స్ పేపర్‌ని పాస్ మార్కులకు చదివి వదిలేయకండి. అన్ని సబ్జెక్టుల్లో మీ జీతాన్ని పెంచేది అదే. ‘ఆర్’ లాంగ్వేజ్ ఉచితం, ఒక సెమిస్టర్ సెలవుల్లో వచ్చేస్తుంది.

బోటనీ, బయోటెక్నాలజీ వాళ్లకు ల్యాబ్ వైపు దారి ఉంది. డీఎన్‌ఏ తీయడం, మార్కర్ పరీక్షలు, టిష్యూ కల్చర్. ప్రభుత్వ సంస్థల్లో ప్రాజెక్టు అసిస్టెంట్, జేఆర్‌ఎఫ్, యంగ్ ప్రొఫెషనల్ పోస్టులు ఏడాది పొడవునా వస్తుంటాయి. చాలావాటికి రాతపరీక్ష ఉండదు, వాకిన్ ఇంటర్వ్యూనే. రాజేంద్రనగర్‌లోని వరి, చిరుధాన్యాల సంస్థల వెబ్‌సైట్లను నెలకోసారి చూస్తే చాలు. ఇవి తాత్కాలిక ఉద్యోగాలు, ప్రాజెక్టు అయిపోతే పోతాయి. ఇంట్లో ఆ సంగతి ముందే చెప్పండి. అయినా రెండేళ్ల పొలం అనుభవం రెజ్యూమెలో ఉంటే ప్రైవేటు విత్తన కంపెనీ వాళ్లు ఆగి చదువుతారు. ఆ కంపెనీలు హైదరాబాద్ చుట్టూనే, మేడ్చల్ వైపు ఎక్కువ. హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి కరీంనగర్, వరంగల్ వైపు పెద్ద ఎత్తున జరుగుతుంది. అగ్రి, సీడ్ టెక్నాలజీ డిప్లొమా వాళ్లకు అక్కడ ఫీల్డ్ పనులు దొరుకుతాయి.

బీటెక్ వాళ్లకు మూడో గుమ్మం. ట్రయల్ డేటా, డ్రోన్ చిత్రాలు, సెన్సార్లు, విత్తన ప్యాకెట్ల బార్‌కోడ్ సాఫ్ట్‌వేర్, జీనోమిక్ మోడళ్లు. ఐటీతో పోలిస్తే పోస్టులు తక్కువ, మొదటి జీతం కూడా తక్కువే. దాచను. కానీ పొలం భాష తెలిసిన కోడర్లు ఇంకా తక్కువ. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే అది రెజ్యూమెలో చివరన రాసే హాబీ కాదు, పైన రాయండి. నేను రాయలేదు.

ఇప్పుడున్న ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసినప్పుడు నన్ను కోడింగ్ ప్రశ్న ఒక్కటీ అడగలేదు. ట్రయల్ ఫైల్ ఒకటి తెరిచి, ‘ఇందులో మొదట ఏం చూస్తారు?’ అన్నారు. మళ్ల నంబర్లు ఏ వరసలో, ఏ కాలమ్‌లో ఉన్నాయో చూస్తానన్నాను. చెక్‌లు ఎక్కడున్నాయి, అంచులు వదిలి కోశారా, కోసేనాటికి గింజలో తేమ ఎంత అని అడిగాను. తేమ ఎందుకన్నారు. తడి ధాన్యం బరువు తూగుతుంది కదండీ, మా తాతయ్య కమిషన్ కొట్టు దగ్గర రోజూ గొడవ పడేది దాని గురించే అన్నాను. నవ్వి, ఎప్పుడు చేరగలరు అన్నారు.

డేటా కావాలంటే వెతుక్కోనక్కర్లేదు. మూడు వేల వరి రకాల జీనోమ్ సమాచారం 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. జీనోమిక్ సెలక్షన్ కోసం ‘ఆర్’లో ఆర్ఆర్‌బ్లప్ అనే ప్యాకేజీ ఉచితం. కానీ వాటికంటే ముందు ఒక పని చేయండి. ఈ సీజన్‌లో కోత ముందు ఇంటికెళ్లినప్పుడు, మీ చేలోనో మావయ్య చేలోనో నాలుగు చోట్ల చదరపు మీటరు చొప్పున తాడుతో గీత కట్టండి. రెండు గట్టు పక్కన, రెండు చేను మధ్యలో. వెన్నులు లెక్కపెట్టండి. ఒక్కోచోట అయిదు వెన్నులు తీసి, గట్టి గింజలు, తాలు గింజలు వేర్వేరుగా లెక్కించండి. వెయ్యి గింజలు ఎంచి, బంగారం కొట్లో తూయించండి, మామూలు కాటా మీద గ్రాములు తేలవు. నాలుగు దిగుబడులూ లెక్కవేసి పక్కపక్కన పెట్టండి. ఒకే చేను, ఒకే రకం, ఒకే రైతు. అయినా నాలుగు అంకెలూ ఒకటి రావు. ఆ తేడా ఎంతో రాసి పెట్టుకోండి, ఇంటర్వ్యూలో ఆ కాగితం తీసి చూపించొచ్చు.